షికాగో బ్లూస్‌లో పేరు దక్కని గిటారిస్టులు, సెషన్ వాయిద్యకారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ చెప్పేది ఎవరి గురించి?

అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతంలో షికాగో నగరపు బాణీ అయిన షికాగో బ్లూస్ అనగానే మడ్డీ వాటర్స్, హౌలిన్ వూల్ఫ్, లిటిల్ వాల్టర్, బడ్డీ గై పేర్లు గుర్తుకు వస్తాయి. వారికి ఆ గౌరవం న్యాయంగానే దక్కింది. అయితే 1950లలోనూ 60లలోనూ ఆ నగరంలో తయారైన రికార్డులను శ్రద్ధగా వింటే, మనల్ని కట్టిపడేసే గిటారు పనితనంలో పెద్ద భాగం వేరేవారిదని తెలుస్తుంది. జిమ్మీ రోజర్స్, ఎడ్డీ టేలర్, లూయిస్ మైయర్స్, డేవ్ మైయర్స్, రాబర్ట్ లాక్‌వుడ్ జూనియర్, జోడీ విలియమ్స్, హుబర్ట్ సమ్లిన్, ఎర్ల్ హుకర్, లూథర్ టక్కర్, ఆ తరువాతి కాలంలో ఫిల్ అప్‌చర్చ్, జెరాల్డ్ సిమ్స్, పీట్ కోసీ ఈ కోవకు చెందినవారు. వీరిలో కొందరు సొంత పేరుతోనూ పాడారు, ఒకరిద్దరికి ముసలితనంలో మంచి గుర్తింపే వచ్చింది. అయినా వారి అత్యుత్తమమైన పని చాలావరకు ఇంకొకరి పేరు అచ్చయిన రికార్డుల మీదే ఉండిపోయింది. షికాగో బాణీ అని ప్రపంచం గుర్తుపట్టే ఆ శబ్దాన్ని కట్టడంలో గాయకుల గొంతులకు ఎంత పాలు ఉందో ఈ పక్కవాద్యకారుల చేతులకూ అంతే పాలు ఉందని నా నమ్మకం. కింది సమాధానాలన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

ఈ సంగీతం షికాగోలోనే ఈ రూపం ఎందుకు తీసుకుంది?

మిసిసిపీ డెల్టా పత్తి పొలాలలో పాలికి సాగు చేసుకుంటూ అప్పుల నుంచి తేరుకోలేకపోయిన నల్లజాతి కుటుంబాలకు ఉత్తరాదికి దారి చూపించింది ఇల్లినాయ్ సెంట్రల్ రైలు మార్గం. దాని చివరి మజిలీ షికాగో. 1910లో సుమారు 44 వేలుగా ఉన్న అక్కడి నల్లజాతి జనాభా 1960 నాటికి 8 లక్షలు దాటింది. ఉక్కు కర్మాగారాలలో, మాంసం ప్యాకింగ్ శాలలలో పగలంతా పనిచేసిన ఈ జనం సాయంత్రం బార్లకు చేరేవారు. అంత సందడిలో మామూలు చెక్క గిటారు వినిపించదు కనుక వాయిద్యకారులు విద్యుత్ గిటారుకు, ఆంప్లిఫైయరుకు మారారు. 1943లో షికాగో చేరిన మడ్డీ వాటర్స్ కూడా ఈ కారణంగానే మారాడు.

ఆదివారాలు మాక్స్‌వెల్ వీధిలో పెద్ద సంత జరిగేది. వాయిద్యకారులు వీధిపక్క ఇంటివారికి కొంత డబ్బు ముట్టజెప్పి, కిటికీలోంచి వైరు లాగించుకుని, ఆ కరెంటుతో పేవ్‌మెంటు మీదే ఆంప్లిఫైయరు పెట్టి వాయించేవారు. కొత్తగా ఊరికి వచ్చిన గిటారిస్టు తన సత్తా చూపించుకునే మొదటి చోటు అదే. రేపటి రికార్డింగు సెషన్‌కు ఎవరిని పిలవాలో బ్యాండు నాయకులు తేల్చుకునే చోటు కూడా చాలాసార్లు అదే అయ్యేది.

రెండో గిటారు అంటే ఏమిటి? అది నిజంగా చేసే పని ఏమిటి?

ఈ సమాధానం కొంచెం నిడివిగానే ఉంటుంది, ఎందుకంటే మిగిలినవన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

1950ల తొలినాళ్లలో షికాగో బ్లూస్ బ్యాండులలో విద్యుత్ బేస్ గిటారు (మంద్ర స్వరాలు పలికే గిటారు) ఇంకా రాలేదు, నిలువెత్తు బేస్‌ను బార్లకు మోసుకెళ్లేవారు తక్కువ. అందువల్ల బ్యాండులో ఇద్దరు గిటారిస్టులు ఉంటే, రెండోవాడు గిటారులోని మందమైన కింది స్థాయి తీగల మీద బేస్ నడకను వాయించేవాడు. నాలుగు మాత్రలకు ఒక చుట్టు చొప్పున, పన్నెండు బార్ల పాటలో (ఇక్కడ బారు అంటే నాలుగు మాత్రల ఆవృత్తం) కార్డు, అంటే కలిపి పలికించే స్వరాల గుంపు, ఎక్కడ మారాలో అక్కడికి ఒక అడుగు ముందే చేరుకుంటూ, గాయకుడు ఒక బారు ఎగ్గొట్టినా పొడిగించినా ఏమీ జరగనట్టు అతని వెంటే వెళ్లిపోవాలి. డెల్టా నుంచి వచ్చిన గాయకులు చాలామంది బార్ల లెక్కకు కట్టుబడేవారు కారు, మాట పూర్తయినప్పుడే వారికి వరుస పూర్తయినట్టు. కనుక రెండో గిటారిస్టు లెక్క చూసుకుంటే సరిపోదు, గాయకుడి ఊపిరిని వింటూ ఉండాలి.

జిమ్మీ రోజర్స్ ఈ విద్యకు ఒక ప్రమాణం. మడ్డీ వాటర్స్ వేలికి గొట్టం తొడుక్కుని తీగ మీద జారుస్తూ పై స్థాయిలో అరుపులాంటి స్వరాలు పలికిస్తుంటే, రోజర్స్ కింది తీగల మీద నడక సాగిస్తాడు. గొంతు ఆగిన చోట రెండు మూడు స్వరాల చిన్న జవాబు ఇస్తాడు. హార్మోనికా మొదలైందంటే ఆ జవాబును కూడా మానుకుని మళ్లీ కిందికి దిగిపోతాడు. ముగ్గురు ఒకేసారి వాయిస్తున్నా ఒకరి మీద ఒకరు పడరు. వరుస చివరి రెండు బార్లలో, అంటే పాట మళ్లీ మొదటికి తిరిగే మలుపులో, రోజర్స్ ఏం చేస్తున్నాడో ఒక్కసారి చెవిపెట్టి వింటే, ఆ తరువాత ఆ రికార్డులు ఇదివరకటిలా వినబడవు.

ఎడ్డీ టేలర్‌ది ఇంకో తీరు. జిమ్మీ రీడ్ పేరుతో వీ-జే రికార్డు సంస్థ విడుదల చేసిన రికార్డులు అమెరికా అంతటా అమ్ముడుపోయాయి. ఆ రికార్డులలో తొణకకుండా సాగిపోయే ఊగిసలాట లయ టేలర్ చేతిదే. రీడ్‌కు చిన్నప్పుడు గిటారు నేర్పినవాడు కూడా ఆయనే. శిష్యుడి పేరు జనాదరణ పట్టికలలో ఎక్కింది, గురువు 1985 డిసెంబరు 25న కన్నుమూసే దాకా ఎక్కువగా ఇంకొకరి పక్కన నిలబడే వాయించాడు.

లూయిస్, డేవ్ మైయర్స్ సోదరులు ఎవరు?

వీరిద్దరూ డ్రమ్మర్ ఫ్రెడ్ బిలోతో కలిసి ఏసెస్ అనే బ్యాండును నడిపారు. 1952లో మడ్డీ వాటర్స్ బ్యాండులో ఉన్న లిటిల్ వాల్టర్ తన సొంత హార్మోనికా రికార్డు రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి చేరగానే అక్కడి నుంచి బయటికి వచ్చి, ఏసెస్‌ను తన బ్యాండుగా తీసుకున్నాడు. అప్పటిదాకా ఏసెస్‌తో ఉన్న జూనియర్ వెల్స్ మడ్డీ దగ్గర ఆ ఖాళీలో చేరాడు. వాల్టర్ రికార్డులలో హార్మోనికా అంత స్వేచ్ఛగా ఎగరగలగడానికి కారణం కింద ఈ ముగ్గురూ పరిచిన నేల. బిలో సైన్యంలో పనిచేసి వచ్చిన జాజ్ డ్రమ్మర్ కావడంతో ఆ లయలో ఒక తేలికదనం ఉంది. డేవ్ గిటారు కింది తీగలతో బేస్ పని చేశాడు, ఆ తరువాత షికాగో బ్లూస్‌లో విద్యుత్ బేస్‌ను తొలిగా చేపట్టినవారిలో ఒకడయ్యాడు.

ఒక రికార్డింగు సెషన్ ఎలా జరిగేది? ఎంత ఇచ్చేవారు?

సాధారణంగా ఒక సెషన్ అంటే మూడు గంటలు, నాలుగు పాటలు. చాలామందికి పాట ముందుగా తెలియదు. గాయకుడు ఒకసారి పాడి వినిపిస్తాడు, చెస్ అనే రికార్డు సంస్థలో అయితే బేస్ వాద్యకారుడూ పాటల రచయితా అయిన విల్లీ డిక్సన్ ఎక్కడ ఆగాలో ఎక్కడ ఎత్తుకోవాలో చెబుతాడు, ఆ వెంటనే టేపు తిరుగుతుంది. అందరూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి కనుక ఒకరు తప్పితే మొత్తం మళ్లీ మొదలు. రాత్రి మూడు నాలుగు గంటల దాకా బార్లో వాయించి, పొద్దున్నే స్టూడియోకు వచ్చి, వినని పాటకు రెండు మూడు ప్రయత్నాలలో చెరగని గిటారు వరుస అల్లగలిగినవారు వీరు.

1950ల తొలినాళ్లలో వాయిద్యకారుల సంఘం నిర్ణయించిన రేటు ప్రకారం పక్కవాద్యకారుడికి సెషన్‌కు 41.25 డాలర్లు, సెషన్ నాయకుడికి దానికి రెట్టింపు, అంటే 82.50 డాలర్లు ముట్టాలి. చిన్న సంస్థలలో ఆ రేటు కూడా ప్రతిసారీ దక్కేది కాదు. ముట్టినదే మొత్తం ప్రతిఫలం. రికార్డు వెయ్యి అమ్ముడైనా పది లక్షలు అమ్ముడైనా పక్కవాద్యకారుడికి రాయల్టీ ఉండదు. పాట హక్కు రచయితగా నమోదైన వ్యక్తికి, ప్రచురణకర్తకు వెళుతుంది. పాటను నిలబెట్టిన గిటారు వరుసను చట్టం రచనగా లెక్కపెట్టలేదు. ఈ ఒక్క కారణం వల్లనే ఎంతో సొమ్ము, ఎంతో పేరు చేతులు మారాయని అర్థం చేసుకోవాలి.

షికాగోలో సంఘాలు కూడా జాతుల వారీగా రెండుగా ఉండేవి. తెల్లవారిది 10వ నంబరు శాఖ, నల్లవారిది 208వ నంబరు శాఖ. ఈ రెండూ 1966లో గానీ ఒకటి కాలేదు.

మరి వారి పేర్లు రికార్డు మీద ఎందుకు వేయలేదు?

ఆనాటి రికార్డు మధ్యలో ఉండే కాగితపు చక్రం మీద గాయకుడి పేరు, పాట పేరు, బ్రాకెట్లలో రచయిత పేరు ఉండేవి. పక్కవాద్యకారులకు చోటు లేకపోవడం స్థలాభావం వల్ల వచ్చిన ఇబ్బంది అనుకోవడానికి లేదు. అమ్మకందారులు గాయకుడి పేరును సరుకు పేరులా చూశారు, వాయించినవారిని కూలి చెల్లించిన పనివారిలా చూశారు. మన ఊళ్లలో సంగీత కచేరీ ఆహ్వాన పత్రిక ఎంత చిన్నదైనా గాత్రం కింద వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నది తప్పకుండా అచ్చు వేస్తారు, సభలో పరిచయం చేస్తారు, శాలువా కూడా కప్పుతారు. ఆ మర్యాదకు అలవాటుపడిన మనకు ఈ మౌనం మరింత బాధ కలిగిస్తుంది.

హుబర్ట్ సమ్లిన్ పేరు చాలామందికి తెలుసు కదా, ఆయనను మరుగున పడినవాడు అనవచ్చా?

గిటారిస్టుల మధ్య ఆయన పేరు తెలియనివారు లేరు. పాటలు వినే సామాన్య శ్రోతకు మాత్రం ఇప్పటికీ తెలియదు. అందుకే ఆయన ఈ జాబితాలో ఉన్నాడు.

1931లో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో పుట్టిన సమ్లిన్‌ను 1954లో హౌలిన్ వూల్ఫ్ షికాగోకు రప్పించుకున్నాడు. మధ్యలో కొద్దికాలం మడ్డీ వాటర్స్ దగ్గర చేరినా తిరిగి వచ్చేశాడు, 1976లో వూల్ఫ్ మరణించే దాకా ఆయనతోనే ఉన్నాడు. మొదట్లో ఆయన వాయింపు గాయకుడి మాటలను తొక్కేస్తోందని వూల్ఫ్ కోప్పడి, చేతిలోని ప్లెక్ట్రం (తీగలు మీటే చిన్న బిళ్ల) పారేసి ఉత్త వేళ్లతో వాయించడం నేర్చుకుని రమ్మని పంపాడని సమ్లిన్ స్వయంగా అనేకసార్లు చెప్పుకున్నాడు. వేలి కండ తగిలిన తీగ పలుకు మెత్తగా మొదలై ఒక్కసారిగా పదునెక్కుతుంది. ఆయన స్వరాలు ఎప్పుడు వస్తాయో ఊహించలేకపోవడానికి ఆ వేళ్లే కారణం. 1956లో వచ్చిన 'స్మోక్‌స్టాక్ లైట్నింగ్' పాట దాదాపు మొత్తం ఒకే కార్డు మీద నిలిచి ఉంటుంది. కార్డు మారని పాటలో విసుగు రాకుండా చూడవలసిన భారం గిటార్ల మీద పడుతుంది. అందులో సమ్లిన్, విల్లీ జాన్సన్ ఇద్దరూ వాయించారు.

వూల్ఫ్ గురించి కూడా ఒక మంచి మాట ఇక్కడే చెప్పాలి. తన బ్యాండు సభ్యుల జీతాల నుంచి పద్ధతిగా మినహాయించి సామాజిక భద్రత చందాలు, నిరుద్యోగ బీమా కట్టిన అరుదైన నాయకుడు ఆయన. సమ్లిన్ 2011లో మరణించినప్పుడు అంత్యక్రియల ఖర్చును రోలింగ్ స్టోన్స్ సభ్యులు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ భరించారు.

జోడీ విలియమ్స్ గిటారును ఎందుకు వదిలేశాడు?

తన చేతి వరుస తనకు దక్కకపోవడం వల్ల. అలబామాలో 1935లో పుట్టి చిన్నతనంలోనే షికాగో చేరిన విలియమ్స్, ఇరవై ఏళ్లు వచ్చేసరికే చెస్ స్టూడియోలో అందరూ కోరుకునే గిటారిస్టు. హౌలిన్ వూల్ఫ్ షికాగో బ్యాండులో సమ్లిన్ కంటే ముందే ఉన్నాడు. బో డిడ్లీ 1956 నాటి 'హూ డూ యూ లవ్' పాటలో కొరడాలా తగిలే సోలో ఆయనదే. అదే ఏడాది బిల్లీ స్టీవర్ట్ పేరుతో వచ్చిన ఒక రికార్డులో ఆయన వాయించిన వరుసకు చాలా దగ్గరగా ఉన్న గిటారు వరుసతో మిక్కీ అండ్ సిల్వియా జంట 'లవ్ ఈజ్ స్ట్రేంజ్' పాటను విడుదల చేయగా అది పెద్ద విజయం సాధించింది. వివాదం కోర్టు దాకా వెళ్లి, 1960ల తొలినాళ్లలో తీర్పు విలియమ్స్ వైపు రాలేదు. ఈలోగా 1957లో ఆయన విడుదల చేసిన వాద్యగీతం 'లక్కీ లూ' ఎత్తుగడ, మరుసటి ఏడాది ఓటిస్ రష్ పాడిన ప్రసిద్ధ పాటలో వినిపించింది. ఆ పాట బ్లూస్ చరిత్రలో శాశ్వతంగా నిలిచింది, దాని ఎత్తుగడ ఎక్కడిదో ఎరిగినవారు కొద్దిమందే మిగిలారు.

ఆయన గిటారును పక్కన పెట్టి, ఎలక్ట్రానిక్స్ చదువుకుని, జిరాక్స్ సంస్థలో సాంకేతిక ఉద్యోగిగా దశాబ్దాలు పనిచేశాడు. రిటైరయ్యాక మళ్లీ గిటారు చేతపట్టి 2002లో కొత్త ఆల్బం తెచ్చాడు. వేళ్లలో పదును తగ్గలేదని విన్నవారందరూ ఒప్పుకున్నారు. 2018లో కన్నుమూశాడు. నలభై ఏళ్ల పాటు ఆయన వాయించి ఉండవలసిన రికార్డులు లేకుండా పోవడం షికాగో సంగీతానికి జరిగిన నష్టాలలో చాలా పెద్దదని నేను అనుకుంటాను.

ఎర్ల్ హుకర్ గిటారు మీద మడ్డీ వాటర్స్ పాడాడంటారు, నిజమేనా?

నిజమే, అది జరిగిన తీరు వివరంగా తెలుసుకోదగినది.

హుకర్ స్లైడ్ గిటారులో, అంటే వేలికి గొట్టం తొడుక్కుని తీగ మీద జార్చే వాయింపులో, అసాధారణుడు. రాబర్ట్ నైట్‌హాక్ దగ్గర నేర్చుకున్న విద్యను ఇంకా ముందుకు తీసుకుపోయి, స్లైడ్ వాద్యకారులు మామూలుగా మార్చుకునే తీగల శ్రుతిని మార్చకుండానే, సన్నని గొట్టంతో మనిషి గొంతులోని గమకాలను పలికించేవాడు. పాడటం ఆయనకు ఇష్టం లేదు, మాటలో కొంచెం నత్తి కూడా ఉండేది. గిటారే ఆయన గొంతు అయింది. 1961లో మెల్ లండన్ అనే నిర్మాత దగ్గర జరిగిన సెషన్‌లో ఆయన 'బ్లూ గిటార్' అనే వాద్యగీతాన్ని రికార్డు చేశాడు. చెస్ సంస్థ ఆ టేపును తీసుకుని, విల్లీ డిక్సన్ చేత మాటలు సిద్ధం చేయించి, దాని మీద 1962లో మడ్డీ వాటర్స్ గొంతును డబ్బింగు చేసింది. అలా వచ్చిన పాట 'యూ షుక్ మీ'. గొంతు వరుస అడుగడుగునా గిటారును అనుసరిస్తూ పోవడానికి కారణం, గిటారు ముందు పుట్టడం, గొంతు తరువాత రావడం. ఆ ప్రయోగం ఫలించడంతో హుకర్ బృందం వాయించిన ఇంకొన్ని ట్రాకుల మీద కూడా మడ్డీ చేత పాడించారు. వాటిలో 'యూ నీడ్ లవ్' ఒకటి.

కొన్నేళ్లకు బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ తమ మొదటి ఆల్బంలో 'యూ షుక్ మీ' పాడింది. 1969లోనే వచ్చిన వారి 'హోల్ లాటా లవ్' పాట 'యూ నీడ్ లవ్' నుంచి తీసుకున్నదని డిక్సన్ 1985లో దావా వేయగా 1987లో రాజీ కుదిరింది. సాహిత్యకారుడిగా డిక్సన్‌కు న్యాయం జరగడం సంతోషించదగినదే. రెండు పాటల తొలి రికార్డుల గిటారూ ఒకే మనిషిదైనా, ఆ పంపకంలో ఆయన ప్రసక్తి లేదు. హుకర్ అప్పటికి లేడు కూడా. క్షయ వ్యాధితో ఏళ్ల తరబడి పోరాడి, ఆసుపత్రి నుంచి బయటపడ్డ ప్రతిసారీ మళ్లీ రోడ్డెక్కి, 1970 ఏప్రిల్ 21న నలభై ఏళ్ల వయసులో షికాగోలోని క్షయ చికిత్సాలయంలో మరణించాడు.

రాబర్ట్ లాక్‌వుడ్ జూనియర్ ప్రత్యేకత ఏమిటి?

డెల్టా బ్లూస్‌లో అందరికంటే ప్రసిద్ధుడైన రాబర్ట్ జాన్సన్ ఆయన తల్లితో కలిసి జీవించిన కాలంలో, ఆ జాన్సన్ వద్దే గిటారు నేర్చుకున్నాడు. అక్కడితో ఆగక జాజ్ కార్డులను బ్లూస్‌లోకి తెచ్చాడు. 1950లలో సానీ బాయ్ విలియమ్సన్, లిటిల్ వాల్టర్ రికార్డులలో వినిపించే నాగరికమైన కార్డుల పని చాలావరకు ఆయనదే. తరువాత క్లీవ్‌లాండ్ వెళ్లి స్థిరపడి, 2006లో 91వ ఏట కన్నుమూసే దాకా వాయిస్తూనే ఉన్నాడు.

గిటారు కాక మిగిలిన వాద్యాల వారి సంగతి?

ఫ్రెడ్ బిలో గురించి పైన చెప్పాను. ఆయన చక్ బెర్రీ 'జానీ బి. గూడ్' పాటకు డ్రమ్ములు వాయించాడు, బేస్ విల్లీ డిక్సన్‌ది. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఆ పాట ఉంది. నక్షత్రాల మధ్య శూన్యంలోకి చేరిన ఆ లయ ఎవరిదని అడిగితే ఎంతమంది జవాబు చెప్పగలరు? మడ్డీ వాటర్స్ పియానో వాద్యకారుడు ఓటిస్ స్పాన్ 1970లోనే, నలభై ఏళ్లకే మరణించాడు. 1999లో అభిమానులు రాయి పెట్టించే దాకా సుమారు ముప్ఫై ఏళ్లు ఆయన సమాధి మీద పేరు లేదు.

1960లలో సోల్ సంగీతం వచ్చాక ఈ వాయిద్యకారులు ఏమయ్యారు?

సోల్ అంటే నల్లజాతివారి మరో జనాదరణ పాటల బాణీ. దానితో కొత్త తరం వచ్చింది. వీరు నొటేషన్ చదవగలరు, ఉదయం బ్లూస్, మధ్యాహ్నం సోల్, సాయంత్రం ప్రకటనల జింగిల్స్ వాయించగలరు. ఫొంటెల్లా బాస్ 1965లో పాడిన 'రెస్క్యూ మీ' పాట మొదట్లోనే వినిపించే బేస్ లూయిస్ శాటర్‌ఫీల్డ్‌ది, డ్రమ్ములు మారిస్ వైట్‌వి, గిటార్లు పీట్ కోసీ, జెరాల్డ్ సిమ్స్‌లవి. మారిస్ వైట్ తరువాత ఎర్త్, విండ్ అండ్ ఫైర్ బృందాన్ని స్థాపించి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. కోసీ 1973 నుంచి 1975 దాకా జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ బృందంలో వాయించి, గిటారును ఎంత దూరం తీసుకుపోవచ్చో చూపించాడు. ఆ తరువాత ఆయన పేరు ఎక్కువగా వినబడలేదు. ఫిల్ అప్‌చర్చ్‌కు 1961లోనే సొంత వాద్యగీతం విజయం తెచ్చిపెట్టింది, అయినా జీవితంలో ఎక్కువ భాగం ఇతరుల ఆల్బంలకే ఇచ్చాడు.

సంగీతంతోనే వీరికి ఇల్లు గడిచేదా?

చాలామందికి గడవలేదు. జిమ్మీ రోజర్స్ 1960లలో సంగీతం మానేసి బట్టల దుకాణం పెట్టుకున్నాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తరువాత చెలరేగిన అల్లర్లలో ఆ దుకాణం కాలిపోయింది. దాని తరువాతే ఆయన మళ్లీ గిటారు వైపు వచ్చాడు.

ఈ చరిత్రలో మహిళా గిటారిస్టులు లేరా?

ఉన్నారు, అందరికంటే ముందు మెంఫిస్ మిన్నీ. విద్యుత్ గిటారు షికాగోలో అప్పుడప్పుడే అడుగుపెడుతున్న 1940ల తొలినాళ్లలోనే ఆమె దానిని బార్లలో వాయించేది. 1942 చివరి రాత్రి ఆమె కచేరీ విన్న కవి లాంగ్‌స్టన్ హ్యూజ్, ఆ విద్యుత్ గిటారు హోరును షికాగో డిఫెండర్ పత్రికలో వర్ణించాడు. ఆమె పక్కన రెండో గిటారు వాయించినవాడు భర్త లిటిల్ సన్ జో. మడ్డీ వాటర్స్ షికాగో చేరడానికి ముందే ఇదంతా జరిగింది. విద్యుత్ బ్లూస్ కథను మడ్డీతో మొదలుపెట్టేవారు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు.

ఏ రికార్డులో ఎవరు వాయించారో ఎలా తెలుస్తుంది?

సంఘానికి సమర్పించిన సెషన్ ఒప్పంద పత్రాలు, రికార్డు మీద చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్లు (రికార్డింగును గుర్తించే అంకెలు), వాయిద్యకారుల ఇంటర్వ్యూలు ప్రధాన ఆధారాలు. మూడింటికీ లోపాలు ఉన్నాయి. ఒప్పంద పత్రంలో పేరున్నవాడు ఆ రోజు రాకపోవచ్చు, సంఘంలో సభ్యత్వం లేనివాడి పేరు పత్రంలోకి ఎక్కకపోవచ్చు, ముప్ఫై ఏళ్ల తరువాత ఇచ్చిన ఇంటర్వ్యూలో జ్ఞాపకం మసకబారి ఉండవచ్చు. అందుకే ఒకే పాటకు వేర్వేరు సంకలనాలలో వేర్వేరు పేర్లు కనబడతాయి. ఒక్క ఆధారంతో పేరు ఖాయం చేసుకోవద్దని, పత్రం చెప్పేది చెవికి కూడా నప్పుతోందో లేదో చూసుకోవాలని నా సలహా. పేర్ల తికమక కూడా ఉంటుంది: సానీ బాయ్ విలియమ్సన్ పేరుతో ఇద్దరు హార్మోనికా వాద్యకారులు ఉన్నారు. మొదటివాడు 1948లో షికాగోలో హత్యకు గురయ్యాడు, లాక్‌వుడ్ వాయించింది రెండోవాడికి.

కొత్తగా వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

మడ్డీ వాటర్స్ 1950 నుంచి 1954 దాకా చేసిన రికార్డులను హెడ్‌ఫోన్లతో వినండి. మొదటిసారి గొంతును వదిలేసి కింది తీగల నడకను మాత్రమే వెంబడించండి. ఆ తరువాత జిమ్మీ రీడ్ పాటలలో ఎడ్డీ టేలర్‌ను, లిటిల్ వాల్టర్ పాటలలో మైయర్స్ సోదరులను వెతకండి. హుకర్ వాద్యగీతాన్ని ముందు విని, మడ్డీ డబ్బింగు చేసిన పాటను వెంటనే వింటే రెంటి సంబంధం ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. రికార్డులన్నీ మోనోలోనే, అంటే ఒకే శబ్ద ధారలోనే, ఉంటాయి కనుక గిటార్లు కుడి ఎడమలుగా విడిపోవు. ఏది ఎవరిదో పలుకును బట్టే పట్టుకోవాలి, అలవాటైతే కష్టం కాదు.

షికాగోలో ఇప్పుడు చూడదగినవి ఉన్నాయా?

సౌత్ మిషిగన్ అవెన్యూలో 2120 నంబరు భవనం 1957 నుంచి సుమారు పదేళ్లు చెస్ స్టూడియో. విల్లీ డిక్సన్ కుటుంబం దానిని కొని, ఆయన స్థాపించిన బ్లూస్ హెవెన్ సంస్థకు నిలయంగా మార్చింది, లోపలికి వెళ్లి చూడవచ్చు. పాత మాక్స్‌వెల్ వీధి సంతను 1994లో అక్కడి నుంచి తరలించారు. 1984లో మొదలైన నగర బ్లూస్ ఉత్సవం వేసవిలో ఉచితంగానే జరుగుతుంది. నేపర్‌విల్, అరోరా వంటి శివారు ఊళ్లలో ఉన్న వేలాది తెలుగు కుటుంబాలకు ఇది రైలు ప్రయాణమంత దూరం. అక్కడ ప్రధాన గాయకుడి వెనుక నిలబడి వాయిస్తున్నవారి పేర్లను వేదిక మీద ప్రకటిస్తారు, దయచేసి ఆ పేర్లు రాసుకోండి.

ఆ పాత రికార్డులకు ఇప్పుడైనా వాయించినవారికి డబ్బు వస్తుందా?

కొంత వస్తుంది. అమెరికాలో మామూలు రేడియో ఇప్పటికీ వాయిద్యకారులకు ఏమీ చెల్లించదు. శాటిలైట్ రేడియో, ఇంటర్నెట్ రేడియో వంటి డిజిటల్ ప్రసారాల చెల్లింపులో మాత్రం సగం రికార్డు హక్కుదారుకు, 45 శాతం ప్రధాన కళాకారుడికి, 5 శాతం పక్కవాద్యకారులకు, సహగాయకులకు కేటాయించారు. 1972కు ముందరి రికార్డులకు ఈ హక్కు 2018 నాటి సంగీత ఆధునికీకరణ చట్టంతో గానీ రాలేదు, అంటే ఇక్కడ చెప్పుకున్న రికార్డులన్నీ ఆలస్యంగానే దాని కిందికి వచ్చాయి. పక్కవాద్యకారుల వాటాను సంఘాలు నడిపే ఒక నిధి పంచుతుంది, వాయించినవారు లేకపోతే వారసులు కోరవచ్చు. అయితే ఆ పాటలో వాయించింది ఫలానావారని రుజువు ఉంటేనే ఆ వాటా వారి ఇంటికి చేరుతుంది. కాబట్టి మీ ఇంట్లో గానీ, మీరు పనిచేసే గ్రంథాలయంలో గానీ, మీకు తెలిసిన రికార్డుల సేకర్త దగ్గర గానీ పాత సెషన్ పత్రాలో, వాయిద్యకారుల పేర్లు రాసి ఉన్న టేపు పెట్టెలో కనబడితే వాటిని పారేయనివ్వకుండా ఫొటోలు తీసి, పరిశోధకులకో వారసులకో అందజేయండి.